సెలవు రోజు మాత్ర

మా బాబాయి ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంటమనిషి. వంటగది వెనక గదిలోనే ఆయన పడక. నిద్ర లేవడం, పొయ్యి వెలిగించడం, గరిటెతో అరచేతిలో చుక్క వేసుకుని రుచి చూడడం, అన్నీ ఒక్క ఊపులో జరిగిపోతాయి. ఆ నాలుక ఒక్క పూట మొరాయిస్తే షిఫ్టు మొత్తం ఉప్పు కషాయం తాగాల్సిందే.

థైరాయిడ్ ఉందని ఆసుపత్రిలో మాత్రలిచ్చారు. పరగడుపున వేసుకోవాలి, ఆ తర్వాత గంటసేపు ఏమీ నోట్లో పెట్టకూడదు అన్నారు. బాబాయికి బుర్ర తిరిగిపోయింది. రుచి చూడడం తినడం కిందికి వస్తుందా, రాదా? మందుల షాపువాడు రాదన్నాడు. నర్సమ్మ ఎందుకు రాదు, వస్తుందంది. ఎవరి మాట నమ్మాలో తెలియక ఆయనే ఒక దారి వెతుక్కున్నాడు.

ఈసారి ఆసుపత్రికి తోడుగా నేనూ వెళ్లాను. రిపోర్టు చూసి డాక్టరుగారు మొహం చిట్లించారు.

"మాత్ర మానకుండా వేసుకుంటున్నారా?"

"అయ్యో, మానలేదండీ. సెలవొచ్చినప్పుడల్లా వేసుకుంటూనే ఉన్నా."

మొదటి మాట వినగానే ఆయన చీటీ రాయడంలో పడ్డారు. రెండో మాట విన్నది నేనొక్కడినే. విని బిత్తరపోయిన నేను తేరుకునేలోపు లోపలికి ఇంకొకరిని పిలిచేశారు. ఏం పని చేస్తావయ్యా అని ఒక్క ముక్క అడిగితే వాళ్ల సొమ్మేం పోయింది?

బయటికొచ్చాక బాబాయి కొత్త మాత్రల అట్టను తిప్పి తిప్పి చూశాడు.

"డోసు పెంచారు సరేరా. మరి సెలవులు ఎవరు పెంచుతారు?"