ఫ్రెస్నో బస్సులో తలనొప్పి

తలనొప్పి తగ్గినందుకు ఒకసారి నేను బాధపడ్డానని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు.

ఎనభైల మొదట్లో, కాలిఫోర్నియాలో ఫ్రెస్నో వెళ్లే బస్సులో కణతలు నొక్కుకుంటూ కూర్చున్నాను. నా ఒళ్లో తెలుగు నవల చూసి పక్కసీటు అబ్బాయి, "తలనొప్పాండీ?" అని అడిగాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆక్యుపంక్చర్, అదే సూదుల వైద్యం, నేర్చుకుంటున్నానన్నాడు.

"అయితే సూది వేయండి," అన్నాను. అంత ధైర్యం ఎలా వచ్చిందో తెలియదు.

"అమ్మో! స్టూడెంట్స్‌కి లైసెన్స్ అక్కర్లేదు కానీ, అది క్లినిక్‌లో మా సార్ పక్కన ఉంటేనే. ఇక్కడ వేస్తే నన్ను లోపల వేస్తారు," అని నవ్వాడు. "డాక్టర్లనైతే అసలు అడిగేవాడే లేడు. మా అన్నయ్య డాక్టరు. సూది ఎక్కడ వేయాలో తెలియకపోయినా వేసెయ్యొచ్చు! నేను వేలితో నొక్కుతాను, పర్వాలేదా?"

చెయ్యి చాపాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి పట్టుకున్నాడు. ఈ దేశం వచ్చాక నా చెయ్యి ఎవరైనా పట్టుకోవడం అదే మొదలు. కిటికీ బయట ద్రాక్షతోటలు వెనక్కి పోతున్నాయి. కాసేపటికి నొప్పి పోయింది. ఆ మాట చెబితే చెయ్యి వదిలేస్తాడని ఊరుకున్నాను.

"తగ్గిందాండీ? మొహమాటం లేకుండా చెప్పండి. మా ఇంట్లో ఎవరూ దీన్ని నమ్మరు," అన్నాడు. ఆ గొంతులో బెదురు విన్నాక దాచలేకపోయాను.

"తగ్గింది," అన్నాను.

వెంటనే చెయ్యి వదిలేశాడు. దారిలో మడేరా అనే ఊళ్లో బస్సు ఆగితే సంచి తీసుకుని లేచాడు. మెట్ల దగ్గర వెనక్కి తిరిగి, ముఖమంతా వెలుగుతుండగా అన్నాడు:

"మా సార్ పక్కన లేకుండా నేను తగ్గించిన మొదటి తలనొప్పి మీదేనండీ!"