ఇంట్ల చెప్పినవా?

దగ్గరికి జరిగి కూర్చోండి, మా అకౌంటెంటు సంగతి చెబుతాను.

గోదావరిఖనిలో గని మూతపడ్డాక, గేటు ముందున్న మా టిఫిన్ హోటల్‌కు మనిషి రాకడ లేదు. మా ఆయన రిటైర్మెంటు డబ్బంతా ఆ పొయ్యిలోనే కాలిపోతోంది. ఆయనకు తెలియకుండా అకౌంటెంటు దగ్గరికి వెళ్లి ఏడ్చాను.

"హోటల్ మూసెయ్యాల్నా, సారూ?"

ఎవరు వచ్చినా ముందుగా అడిగే మాటే నన్నూ అడిగాడు.

"ఇంట్ల చెప్పినవా, అక్కా?"

"చెప్తే మా ఆయన గుండె ఆగుతది."

ఆ మాటకు పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. "ఇద్దరొస్తెనే లెక్క జూస్త."

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన తల దించుకున్నాడు.

"నీ పానమంత హోటల్లనే ఉందనుకున్న. నిన్న నేనూ ఆ సారు దగ్గరికి పోయిన. నన్ను గూడ గదే అడిగిండు."

మరునాడు ఇద్దరం వెళ్లాం. అకౌంటెంటు ఏమీ ఎరగనట్టే పెన్ను తీశాడు.

"మిగిలిన పైసల్తోని నెల ఎట్ల ఎల్లాలో జూద్దాం."

మీ ఇంట్లో ఏ భయమూ ఒక్కరి గుండెలోనే ఉండిపోకుండా, అందరూ చల్లగా ఉండాలి.