ఇంజిన్ కిందినుంచి వచ్చిన జవాబు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇదంతా చెప్పాక కూడా లేదనే అంటాను. మాది కాజీపేట. మా తాత అక్కడి డీజిల్ షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. మా ఇంట్లో వింత చప్పుడంటూ ఉండదు. ఫ్యాన్ కిర్రుమంటే బేరింగు, వంటింట్లో గిన్నె కదిలితే ఎలుక. చిన్నప్పుడు నేను దయ్యమని ఏడిస్తే, తాత టార్చి చేతికిచ్చి ఏ పార్టు చప్పుడు చేస్తోందో చూసి రమ్మనేవాడు. అలా పెరిగినదాన్ని నేను.

ఇప్పుడు జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. వారానికి రెండు రోజులు రైలింజన్లు బాగుచేసే ఒక వర్క్‌షాపులో వెర్క్‌స్టూడెంట్‌గా పనిచేస్తాను. అంటే చదువు పక్కన చేసుకునే ఉద్యోగం. పేరుకు కాగితాల పనే, కానీ నా చేతులకు ఎప్పుడూ గ్రీజే.

మా షాపులో క్లాస్ 66 రకం డీజిల్ ఇంజిన్ ఒకటి ఉంది. జాతికి బ్రిటిష్‌ది. అక్కడ రకరకాల పాత ఇంజిన్లు మొరాయిస్తుంటే, వాటి బదులు గూడ్సు బళ్లకు ఒకే రకం ఇంజిన్లు కావాలనుకున్నారు. అక్కడి కురచ వంతెనల కింద పట్టేలా గీయించి, కెనడాలో కట్టించి, ఓడల్లో తెచ్చుకున్నారు. చూడ్డానికి అందగత్తె కాదు. కప్పు వాలు చూసి అక్కడివాళ్లు దీన్ని ‘షెడ్డు’ అని ఎగతాళి చేశారు, పెరట్లో పాత సామాన్లు పడేసుకునే షెడ్డు. క్యాబులో మోత, ఉక్క అని డ్రైవర్లు తిట్టుకున్నారు. కానీ పొద్దున స్టార్ట్ చేస్తే సాయంత్రం దాకా మారు మాట్లాడకుండా లాగేది. ఆ ఒక్క గుణం చూసే యూరప్‌లో ప్రైవేటు గూడ్సు కంపెనీలు కూడా అదే డిజైన్ కొనుక్కున్నాయి. ఇక్కడికొచ్చినా ఆ బ్రిటిష్ నంబరే అందరి నోటా నిలిచిపోయింది.

ఇప్పుడు వీటి రోజులు తగ్గాయి. కరెంటు ఇంజిన్లు వచ్చేశాయి. కొన్ని పోలండ్ వెళ్లాయి, కొన్నిటిని బ్రిటన్ వాళ్లే పట్టుకుపోయారు. మా దగ్గరున్నది మాత్రం మొదటినుంచీ ఇక్కడిదే. ఇంగ్లండు ముఖం చూడని ఇంగ్లండు ఇంజిన్.

వీడియో కాల్‌లో ఒకసారి దీని లోపలి గది తాతకు చూపించాను. కుర్చీలోంచి ముందుకు జరిగాడు. “అరె, ఇది మా షెడ్డుకు ఆఖరుకొచ్చిన రకం ఇంజినే గద బిడ్డా! మాది పదారు సిలిండర్లు, నీది పన్నెండు. దానికి తమ్ముడన్నట్టు.” ఆ రోజునుంచి ఫోన్ చేసినప్పుడల్లా నా ఆరోగ్యం తర్వాత, తమ్ముడి ఆరోగ్యం ముందు.

నిజంగానే దానికి ఒంట్లో బాగాలేదు. చాలా నెలలుగా కదలకుండా ఉంది. ఓనర్లు ఒక్క అవకాశం ఇచ్చారు. ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజుకు స్టార్టయి సరిగ్గా నడిస్తే సరే, ఇంకో పెద్ద రిపేరు తేలితే మాత్రం విప్పేసి విడిభాగాలు తీసుకుంటామన్నారు. ఆ మాట మా సీనియర్ మెకానిక్ డీటర్‌కు గుచ్చుకుంది. ఆ ఇంజిన్ ఈ షాపుకు మొదటిసారి వచ్చినప్పుడు గేటు తీసింది ఆయనే. మరుసటి నెలలో ఆయన రిటైర్మెంట్. “ఇద్దరం ఒకేసారి తుక్కులోకి పోవడం నాకిష్టం లేదు” అన్నాడు. నవ్వుతూ అన్నాడు గానీ, ఆ తర్వాత చాలాసేపు చెయ్యి దాని రేకు మీదే ఉంచాడు.

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. మా తాత స్కూటర్ స్టార్ట్ చేసే ముందు పానాతో దాని పక్క రేకు మీద కొట్టేవాడు. రెండు దెబ్బలు, కొంచెం ఆగి ఒకటి. షెడ్డులో ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు, కింద పట్టాల మధ్య గుంతలో ఎవరైనా పనిలో ఉన్నారేమోనని అలా కొట్టి, జవాబు వస్తుందేమో చూసేవారట. ఇంట్లో స్కూటర్ కింద పిల్లి పడుకునేది. పిల్లి జవాబియ్యదు కదా తాతా అని మేం ఏడిపిస్తే, లేచిపోతది గద, అదే జవాబు అనేవాడు. మా ఇంట్లో అందరికీ ఆ అలవాటు అంటుకుంది. వాషింగ్ మెషీన్ మీద కూడా కొడతాం.

మాగ్డెబర్గ్‌లో దాని అవసరం లేదు. ఇక్కడ ఇంజిన్ కిందికి దిగే మనిషి స్విచ్చికి తన తాళం వేసుకుని దిగుతాడు. ఆ తాళం ఉండగా ఎవరూ స్టార్ట్ చేయలేరు. అయినా నా చెయ్యి ఊరుకోదు. మొదట్లో డీటర్ “ఇంట్లో ఎవరైనా ఉన్నారా?” అని వెక్కిరించేవాడు. కొన్నాళ్లకు నేను మర్చిపోతే ఆయనే పానా అందించడం మొదలుపెట్టాడు.

స్టార్ట్ చేయాల్సిన రోజు గురువారం. వేసవి, మిట్టమధ్యాహ్నం, షాపు పైకప్పు అద్దాల్లోంచి ఎండ దిగుతోంది. మిగతావాళ్లంతా లంచ్‌కు వెళ్లారు. ఇన్‌స్పెక్టర్ టెర్మిన్, అంటే ఆయన వస్తానన్న టైము, సాయంత్రానికి. డీటర్ తన ఫోన్ను టూల్ పెట్టెకు ఆనించి వీడియో పెట్టాడు, మొదటి పొగ తీయాలని. స్విచ్చి మీద తాళాలేమీ లేవు. గుంతలో ఎవరూ లేరని ఇద్దరం వంగి చూశాం.

నేను పానాతో ఫ్రేము మీద కొట్టాను. రెండు, ఆగి ఒకటి. డీటర్ స్విచ్చి వైపు చెయ్యి చాపాడు.

కిందినుంచి జవాబు వచ్చింది. ఒక దెబ్బ. ఆగి రెండు. ఆ వెనకే ఇనుము మీద ఇనుమును మెల్లగా ఈడ్చిన చప్పుడు.

డీటర్ చెయ్యి గాల్లోనే ఆగింది. “కింద ఎవరో ఉన్నారు” అన్నాడు.

ఇద్దరం గుంతలోకి దిగాం. ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడిచాం. నూనె మరకలు, ఒక పాత గుడ్డ, అంతే. రెండు గేట్లూ మూసే ఉన్నాయి. గాలి గొట్టాల్లో ఒత్తిడి లేదు కాబట్టి వాల్వులు కొట్టుకునే అవకాశం లేదు. రేకు వేడికి వ్యాకోచిస్తే టక్కుమంటుంది, నిజమే. కానీ లెక్క పెట్టి కొట్టదు. నాకు భయం వేసిందా అంటే, వేసింది. డీటర్ ముఖం కూడా పాలిపోయింది.

పైకొచ్చాక ఆయన నా చేతిలోని పానా తీసి పక్కన పెట్టేశాడు. “మనసు కుదుటపడే దాకా స్టార్ట్ చేయను. చెకింగ్ లిస్టు మొదటినుంచి మళ్లీ చూద్దాం” అన్నాడు.

అప్పుడు దొరికింది నా తప్పు. ఎక్కువ రోజులు కదలకుండా ఉన్న ఇంజిన్‌కు సిలిండర్ల పక్కన ఉండే చిన్న వాల్వులు తెరిచి, దాన్ని చేత్తో మెల్లగా తిప్పి, లోపల నీళ్లున్నాయేమో చూడాలి. నీళ్లు గాలిలా అణగవు, అవి ఉండగా స్టార్ట్ చేస్తే పిస్టన్ రాడ్డు వంగిపోతుంది. ఆ చెకింగ్ పొద్దున నేనే చేశాను. పొడిగా ఉందని సంతకం కూడా పెట్టాను. కానీ చేసింది కూలింగ్ నీళ్లు నింపకముందు. టెర్మిన్ తొందరలో, లిస్టులో ముందున్నది ముందు చేసేశాను. నీళ్లే లేని ఇంజిన్లో నీళ్లు ఎలా కారతాయి? తాత వింటే చెవి మెలేసేవాడు.

వాల్వులు తెరిచి మళ్లీ తిప్పాం. ఏడో సిలిండర్లోంచి నీళ్లు చివ్వున చిమ్మి నా చొక్కా తడిపాయి.

డీటర్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఆ చప్పుడు విని ఆగకపోయి ఉంటే, ఆ ఇంజిన్ కథ మా చేతుల్లోనే ముగిసేది. తప్పు నాదేనని చెప్పి ఏడ్చేశాను. ఆయన తిట్టలేదు. “నీ సంతకం పక్కన నా సంతకం కూడా ఉంది” అన్నాడు.

ఈ రకం ఇంజిన్లో ఒక సుఖం ఉంది, చెడిన సిలిండరొక్కటే విడిగా మార్చుకోవచ్చు. షాపులో ఒకటి సిద్ధంగా ఉంది. ఇన్‌స్పెక్టర్‌కు నిజం చెప్పి టెర్మిన్ సోమవారానికి మార్చుకున్నాం. శనివారం కల్లా పని పూర్తయింది. నీళ్లు నింపాం, ఆ తర్వాతే వాల్వులు తెరిచి చూశాం. పొడిగా ఉంది. నేను ఫ్రేము మీద కొట్టాను. రెండు, ఆగి ఒకటి. ఇద్దరం వంగి విన్నాం. ఏ చప్పుడూ లేదు.

స్టార్ట్ చేస్తే ఒక్కసారి దగ్గి, నల్లగా ఊది, గుడుగుడుమంటూ అందుకుంది. డీటర్ కళ్లు తుడుచుకుని, పొగ పడిందన్నాడు.

గురువారం తీసిన వీడియో తర్వాత చూశాం. నా మూడు దెబ్బలు స్పష్టంగా ఉన్నాయి. ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మా ఇద్దరి తలలు ఒకేసారి కిందికి తిరుగుతాయి. డీటర్ మాట వినిపిస్తుంది. ఆయన దేనికి ఆ మాట అన్నాడో అది మాత్రం వినిపించదు. ఎన్నిసార్లు పెట్టి చూసినా అంతే.

ఆదివారం తాతకు ఫోన్ చేశాను. ఇంజిన్ నడిచిన వీడియో చూపించి, నా తప్పు చెప్పి, చివరికి ఆ చప్పుడు సంగతి కూడా చెప్పాను. టార్చి తీసుకుని చూసి రమ్మంటాడనుకున్నాను.

“ఒకటి, ఆగి రెండు,” అన్నాను. “తర్వాత పానా ఈడ్చినట్టు.”

“ఈడ్సిండా?” అన్నాడు తాత.

“ఎవరు తాతా?”

కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. “సాయిలు బిడ్డా. ఎన్నో ఏండ్లు నేను పైన, వాడు కింద. నేను కొడితే వాడు గట్లనే తిరిగి కొట్టి పానా ఈడ్సేటోడు, ఆగు, ఇంక పనున్నది అని. షెడ్డుల ఇంకెవ్వలు ఈడ్వకపోతుండె. పని అయిపోయిందంటే సప్పుడే చెయ్యడు.”

ఆ పేరు నేను అంతకుముందు వినలేదు. ఆ కథ చిన్నప్పుడు విని మర్చిపోయానేమో అనుకుంటే, డీటర్ విన్నదానికి ఏమనాలి?

“కొత్త రకం ఇంజిన్లు వస్తున్నయంటే వానికి మస్తు సంబురం,” అన్నాడు తాత. “దానికింద ఒక్కసారన్న దూరి పని చెయ్యాలె అనేటోడు. అవి వచ్చేటాళ్లకు జరమొచ్చి పానం పాయె.”

“మరి జర్మనీ దాకా ఎట్లొచ్చిండు తాతా?”

“రైల్వోనికి టికెటెందుకే?” అని నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

డీటర్ తన ఆఖరి రోజున పానా నా చేతిలోంచి తీసుకుని, తనే ఫ్రేము మీద కొట్టాడు. ఏ జవాబూ రాలేదు. అయినా గుంతలోకి వంగి “డాంకె” అని థాంక్స్ చెప్పాడు. ఆ సోమవారం ఇన్‌స్పెక్షన్ గట్టెక్కిన ఇంజిన్ ఇప్పుడు కంటైనర్ల బళ్లు లాగుతోంది. సర్వీసుకు మా దగ్గరికే వస్తుంది.

ఆ రోజు మేం విన్నదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు నటించను. ఇప్పటికీ స్టార్ట్ చేసే ముందు రెండు కొట్టి, ఆగి, ఒకటి కొడతాను. జవాబు రాకపోతే అంతా క్షేమమని అర్థం. రాలేదని సంతోషించాలి. కానీ ప్రతిసారీ అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువసేపే ఆగుతాను.