సలపని బొటనవేలు

స్కాట్లండ్‌లోని ఫ్రేజర్‌బర్గ్ రేవులో చేపలు కోసే ఆడవాళ్లకి వేలిలో ముల్లు దిగడం వార్తే కాదు. ముల్లు లాగేసి, వేడినీళ్లలో నానిన రొట్టెతో కట్టు కట్టి, మర్నాడు చూసుకుంటారు. సలుపుతుంటే డాక్టరు దగ్గరికి, సలపకపోతే మళ్లీ చేపలు కోసే బల్ల దగ్గరికి. తల్లుల నాటి నుంచీ ఇదే పరీక్ష. నిజం చెప్పాలంటే మంచి పరీక్షే.

ఎల్‌స్పెత్ డథీ బడి మానేసిన ఏడే ఆ బల్ల దగ్గర నిలబడింది. యాభై దాటేసరికి నడుం పోయింది. డాక్టరు నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాశాడు. అప్పట్నుంచీ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఆవిడ మత్తు కోసం మింగలేదు, నిలబడడానికి మింగింది. జాలిపడేవాళ్లూ నీతులు చెప్పేవాళ్లూ కాస్త పక్కకి తప్పుకుంటే మంచిది. ఎందుకు మింగావని ఒళ్లు అడగదు.

ఒక వారం హాడక్ చేప ముల్లొకటి గ్లౌజు దాటి ఎడమ బొటనవేలి కణుపులో దిగింది. మామూలుగానే కట్టు కట్టింది. రెండు రోజులకి బల్ల దగ్గర పక్కన నిలబడే నెట్టా చూసింది.

"ఏమే, ఆ వేలేంటే బీట్‌రూట్‌లా ఉంది?"

"రంగుకేముందే, సలపడం లేదుగా."

"నాకు కిందటేడు ఇంతకంటే చిన్న ముల్లు దిగితే కేకలు పెట్టాను."

"నువ్వు టీ చల్లారినా కేకలు పెడతావు."

బల్ల చుట్టూ నవ్వారు. ఎల్‌స్పెత్ కూడా నవ్వింది. నవ్వుతూనే ఆ చెయ్యి చేపల కిందికి లాక్కుంది.

సాయంత్రం వంటింట్లో స్వెట్టరు విప్పుతుంటే కనబడింది: మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రటి చార. వేలితో నొక్కింది. నొప్పేమీ లేదు. గోరుతో గట్టిగా గుచ్చింది. ఎవరి చేతినో గుచ్చినట్టుంది. అప్పుడు భయం వేసింది. ఇన్నేళ్లూ నమ్మిన పరీక్ష తన ఒంట్లో పనిచెయ్యడం లేదు. ఎన్నాళ్లుగా చెయ్యడం లేదో?

"డోడ్" అని పిలిచింది భర్తని. చలిజ్వరంతో పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

బంగాళాదుంపల చెక్కు తీస్తున్న డోడ్ ఒక్క చూపు చూసి కారు తాళాలు అందుకున్నాడు.

అబర్డీన్ ఆసుపత్రిలో నర్సు, ఎరుపు పైకి పాకుతోందో తగ్గుతోందో తెలియడానికి, అది ఆగిన చోట పెన్నుతో గీత గీసింది. డాక్టర్ గ్రీవ్ అనే చిన్న వయసావిడ మాత్రల సంగతి విని కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"మార్ఫిన్ నొప్పిని దాచేసింది. అంతటితో పోలేదమ్మా. చీము పట్టిన చోటికి పరిగెత్తాల్సిన తెల్ల రక్తకణాల్ని కూడా అది మందగింపజెయ్యగలదు. మీ విషయంలో ఎంత చేసిందో చెప్పలేను."

"అంటే సాయం కోసం కేక వెయ్యనివ్వలేదు, కాపాడడానికొచ్చే లైఫ్‌బోటునీ ఆలస్యం చేసింది" అన్నాడు డోడ్. పాతికేళ్లు పడవ మీద తిరిగిన మనిషి.

"చెయ్యి ఉంటుందా?" అంది ఎల్‌స్పెత్.

"ఉంచడానికే కోస్తున్నాం."

"ఆ మాత్రలు ఇవాళే ఆపేయండి."

"ఒక్కసారిగా ఆపితే ఒళ్లు తిరగబడుతుంది. మెల్లిగా తగ్గిద్దాం."

తనని ఇక్కడిదాకా తెచ్చిన మాత్రనే ఆ రాత్రి నర్సు చేతి నుంచి తీసుకుని మింగింది. 

వేలు కోసి చీము తీశారు. మోతాదు తగ్గుతున్న కొద్దీ నడుం నొప్పి మళ్లీ మొదలైంది. ఒక పొద్దున బొటనవేలు కూడా సలిపింది.

"డోడ్! సలుపుతోంది!"

"నర్సుని పిలవనా?"

"ఆగు. ఎక్కడిదాకా ఉందో చూసుకోనీ."

వేలి కొస నుంచి నొక్కుకుంటూ పైకి పోయింది. కణుపు దగ్గర కళ్లలో నీళ్లు తిరిగాయి. మణికట్టు దాటాక నొప్పి లేదు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. నిజంగా తగ్గే నొప్పి రావడం లేదా? మిగిలిన మార్ఫిన్ ఇంకా దాస్తోందా?

"గీత చూడు, డోడ్. నేను చెప్పేది నమ్మకు. నువ్వు చూడు."

డోడ్ కళ్లద్దాలు పెట్టుకుని వంగాడు. "ఎర్రదనం గీతకి కిందే ఉంది. బాగా కిందికి దిగింది."

"మళ్లీ చూడు" అంది ఎల్‌స్పెత్.