జీవరత్నం గారి వరసలో సింఫనీ

"బాబాయ్, మావయ్య పోయారు. ఇందాకే, మధ్యాహ్నం" అని జీవరత్నం గారి మేనకోడలు ప్రశాంతి ఫోన్ చేసినప్పుడు నేను పెడన రైల్వే గేటు దగ్గర ఆగి ఉన్నాను. "అదేమిటమ్మా, ఆదివారం రమ్మన్నారుగా" అన్నాను. చావు కబురుకు అది జవాబు కాదని నాకూ తెలుసు. కానీ జీవరత్నం గారు రమ్మన్న ఆదివారానికి జీవరత్నం గారే లేకపోవడం ఇన్నేళ్ళలో ఎన్నడూ జరగలేదు. గేటు ఎత్తారు, వెనక లారీ హారన్ కొట్టింది, నేను మాత్రం కాసేపు అక్కడే నిలబడిపోయాను.

డెబ్బై తొమ్మిదేళ్ళ ఈ పెద్దమనిషి టెలిఫోన్ శాఖలో మెకానిక్‌గా బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన్ని ఎరిగినవాళ్ళు రెండు రకాలు: ఫోన్ బాగుచేయించుకున్నవాళ్ళు, సింఫనీ విన్నవాళ్ళు. రెండో రకం చిన్న గుంపు, బందరులో ఆయన ఇంటి ముందుగదిలో సరిగ్గా పట్టేది. నేను ఆ గుంపులోవాణ్ణి. నా ఫోన్ ఆయన ఎన్నిసార్లు చూసినా బాగుపడలేదు.

సింఫనీ అంటే ఏమిటని కొత్తవాళ్ళు అడిగితే, "నూరుమంది కలిసి ఒక్క మనిషి మనసులో మాట చెప్పడం అండీ. మన అసెంబ్లీకి సరిగ్గా వ్యతిరేకం" అనేవారు.

ఆయన తండ్రి మిషన్ బంగళాలో వంటమనిషి. అక్కడి విదేశీ నర్సమ్మ ఒకావిడ తన దేశానికి వెళ్ళిపోతూ గ్రామఫోన్ పెట్టె, ఒక ట్రంకు నిండా రికార్డులు ఆ ఇంటికి ఇచ్చి వెళ్ళింది. అన్నీ పందొమ్మిదో శతాబ్దపు స్వరకర్తల సింఫనీలే. "ఆ కాలం వాళ్ళకి చిన్న బాధలు ఉండేవి కాదండీ. జలుబు చేసినా తుపాను స్థాయిలో చేసేది" అనేవారు. వాటిలో రెండు రికార్డుల సెట్టు ఒకటి ఆయనకు ప్రాణం. నాలుగు వైపులా నాలుగు భాగాలు. దాన్ని 'పెద్దది' అనేవారు, రాసినాయన్ని 'పెద్దాయన' అనేవారు. అసలు పేరు ఎప్పుడూ పలకలేదు. అడిగితే, "ఇంటిపెద్దని పేరు పెట్టి పిలుస్తామా అండీ?" అని ఎదురు ప్రశ్న వేసేవారు.

ఉద్యోగంలో ఉన్నప్పుడు దివిసీమలో ఎక్కడ లైను బాగుచేసినా ఇంటికి ఫోన్ చేసేవారు. భార్య సుగుణమ్మ గారు రిసీవరు తీసుకెళ్ళి గ్రామఫోన్ ముందు పెట్టాలి. అటువైపు వయొలిన్లు వినపడితే లైను ఫర్వాలేదు, అడుగున మూలిగే పెద్ద వాద్యాలు కూడా వినపడితే బ్రహ్మాండం. అవనిగడ్డలో ఒక వడ్ల వ్యాపారి ఆఫీసుకొచ్చి, "ఏవండీ, నా ఫోన్లో ఎవరో బాజాలు వాయిస్తున్నారు" అని గొడవ పెట్టాడు. "అది రిపేరు కాదండీ, పరీక్ష. మీ లైను ఫస్టు క్లాసులో పాసయింది" అని జీవరత్నం గారు ఆయన చేతులు పట్టుకుని అభినందించారు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలు ముగించాక ముందుగదిలో చాప పరిచేవారు. కరకరలాడే పదార్థాలు నిషేధం. సుగుణమ్మ గారు బందరు హల్వా పెట్టేవారు, నమిలితే చప్పుడు రాదని. మధ్యలో కరెంటు పోతే నూరుమంది వాద్యకారులూ ఒక్కసారిగా నిద్రలోకి జారినట్టు మూలుగుతూ ఆగిపోయేవారు. ఆయన చెయ్యి ఎత్తేవారు. ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు. ఒకసారి వేసవిలో అలా ముప్పావుగంట చెమటలు కక్కుతూ కూర్చున్నాం. కరెంటు వచ్చాక ఆయన సంతృప్తిగా, "ఇంత పొడుగు నిశ్శబ్దం రాసే ధైర్యం పెద్దాయనక్కూడా లేదండీ" అన్నారు.

ఇక ఆ 'పెద్దది' సంగతి. దాని విషయంలో నాకూ భాగం ఉంది కాబట్టి దాచకుండా చెప్పాలి.

గ్రామఫోన్ పళ్ళెం మధ్యలో జానెడు పొడుగు ఇనప కడ్డీ ఉండేది. పెట్టె మూత పడనివ్వడం లేదని జీవరత్నం గారు దాన్ని రంపంతో కోసేశారు. కోసిన ముక్కను పారేయకుండా ముందుగది తలుపు గడియకు చీలగా బిగించారు. చాలా గట్టి చీల. ఆ తర్వాత మొదటి రికార్డు ఒకవైపు వేశారు. తిప్పి చూస్తే రెండోవైపు, జర్మనీలో అచ్చయిన లేబుల్ మీద '4' అని ఉంది. రెండో రికార్డు మీద '2', '3' ఉన్నాయి. ఆయన పుట్టి పెరిగింది పెడనలో, కలంకారీ అద్దకం షెడ్ల మధ్య. అచ్చు అన్నాక తప్పు పడుతుందన్నది అక్కడ పాలతో పాటు తాగే జ్ఞానం. "మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసిన అచ్చు ఇది. జర్మనీవాడికైనా నిద్ర నిద్రే" అని నవ్వి నాకు చూపించారు. నేను అప్పటికే పత్రికలో పదేళ్ళుగా అచ్చుతప్పులు దిద్దుతున్నవాణ్ణి. లేబుల్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "సందేహం లేదండీ, అచ్చుతప్పే" అని తీర్పు చెప్పాను. ఆయన నల్ల ఇంకుతో '4' కొట్టేసి '2' వేశారు. మిగతా రెండు అంకెలూ అలాగే జరిపారు.

కాబట్టి బందరులో ఆ సింఫనీ ఇలా నడిచేది. మొదట కష్టం. వెంటనే ఆకాశం దద్దరిల్లే విజయం. తర్వాత గంతులు. చివరికి ప్రార్థనలా నెమ్మదిగా సాగి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగిపోయే భాగం. "గెలుపు దగ్గర ఆపేసేవాళ్ళు చాలామంది అండీ. గెలిచి, పండగ చేసుకుని, ఇంటికొచ్చి మోకరించేదాకా రాసినవాడు ఈయనొక్కడే" అని ఆయన చెబుతుంటే మా అందరికీ ఒళ్ళు పులకరించేది. చివర చప్పట్లు కొట్టడం అపచారం. ఈ అద్భుతమైన కూర్పు మీద నేను మా పత్రిక ఆదివారం సంచికలో అరపేజీ వ్యాసం కూడా రాశాను. ఎవరూ ఖండించలేదు. ఎవరూ చదవలేదని ఇప్పుడు సంతోషంగా ఉంది.

రెండేళ్ళ క్రితం, ఆయన చెల్లెలి కూతురు ప్రశాంతి గుడివాడ నుంచి వచ్చింది. అక్కడ ఫిజియోథెరపిస్టుగా చేస్తోంది. "మావయ్యా, నీ పెద్దది ఫోన్లో దొరికింది" అని మురిపెంగా పెట్టింది. మొదటి భాగం అయింది. ఆయన విజయం కోసం నిటారుగా కూర్చున్నారు. గంతులు మొదలయ్యాయి.

"ఫోన్ తప్పు పాడుతోంది" అన్నారు.

"ఫోన్ తప్పు పాడదు మావయ్యా."

"ఫోన్ల గురించి నాకు చెప్పకమ్మా. ముప్పై ఆరేళ్ళు వాటితోనే బతికాను."

ఆ పిల్ల మరో వాద్యబృందం వాయించింది పెట్టింది. తర్వాత ఇంకొకటి. అన్నిట్లోనూ విజయం చివరే వచ్చింది.

"ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు కాపీ కొట్టుంటారు."

"మూడూ మూడు దేశాలవి మావయ్యా!"

"కాపీకి దేశంతో పనేంటమ్మా?"

నాలుగోదీ అంతే. ఆయన రికార్డు తీసి, తాను కొట్టేసిన అంకెను కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశారట. ఇంతకీ ఆయన కోసేసిన ఆ పొడుగు కడ్డీకి రెండు రికార్డులూ ఒకేసారి తగిలించాలి. మొదటిది ఒకవైపు పాడాక రెండోది దానంతట అదే మీద పడి పాడుతుంది. ఆ తర్వాత రెంటినీ కలిపి తిరగేస్తే మూడు, నాలుగు వరసగా వస్తాయి. అంకెలు అలా వేసింది అందుకు. జర్మనీవాడు నిద్రపోలేదు. సరైన దారి చూపించే కడ్డీ ఇన్నేళ్ళూ మా వీపుల వెనకే తలుపుకు బిగించి ఉంది.

సాయంత్రం నాకు ఫోన్ చేశారు. "తప్పు అచ్చుది కాదండీ."

"మరి?"

"మనది. అవునుగానీ, మీ పత్రికలో సవరణ ఎక్కడ వేస్తారు?"

"లోపలి పేజీలో, అడుగున, చిన్నక్షరాల్లో."

"నేను ముందుగదిలో వేస్తాను" అన్నారు.

ఆ ఆదివారం చాప మీద కూర్చున్న అందరి ముందూ లేచి నిలబడి, "ఇన్నాళ్ళూ మీకు తప్పు వినిపించాను, క్షమించండి" అని చేతులు జోడించారు. నా పేరు ఎత్తలేదు. తర్వాత సరైన వరసలో వాయించారు. ఆఖరున విజయం వచ్చి, గోడ మీద కేలండరు అదిరి, ఆగిపోయింది. గదిలో ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. పెడన నుంచి ప్రతి వారం వచ్చే అద్దకం పనివాడు వీరాస్వామి, "అయిపోయిందాండీ?" అన్నాడు.

"అయిపోయింది."

"మరి ప్రార్థనండీ?"

"అది మూడోది వీరాస్వామీ. ఇందాకే అయిపోయింది."

"కరెక్టే అయ్యుంటుంది లెండి" అన్నాడు వీరాస్వామి బాధగా. "కాకపోతే అందరూ తిని చేతులు కడుక్కున్నాక బ్యాండు మేళం వచ్చినట్టుందండీ. ఒక్కసారి మనది వెయ్యండి."

"తెలియక వేసినన్నాళ్ళు వేశాం. తెలిసి వేస్తే పెద్దాయనకి ద్రోహం" అన్నారు జీవరత్నం గారు. అప్పట్నుంచి ఆదివారాలు సరైన వరసే విన్నాం. చదువుకున్నవాళ్ళలా గంభీరంగా విన్నాం. ఆయనా అలాగే విన్నారు. ఆ ముఖంలో మునుపటి వెలుగు మాత్రం నాకు కనపడలేదు. ఆనాడు అచ్చుతప్పేనన్న ఒక్క మాటతో నేను చేసిన నష్టం అదని లోలోపల అనుకునేవాణ్ణి.

ఆయన్ని మట్టి చేసి వచ్చిన సాయంత్రం, శనివారం జరగబోయే జ్ఞాపకార్థ కూడికలో 'పెద్దది' వేయాలని అందరం అనుకున్నాం. ఏ వరసలో అన్నదగ్గర పేచీ వచ్చింది.

"మావయ్య నలుగురిలో చెప్పిన మాట ఉంది. కరెక్టుదే వెయ్యాలి" అంది ప్రశాంతి.

"ఆయన మాకు ఇచ్చింది అది కాదు తల్లీ" అన్నాడు వీరాస్వామి.

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఈ విషయంలో ఒకసారి తీర్పు చెప్పిన చరిత్ర ఉంది కాబట్టి నేను సుగుణమ్మ గారి వైపు తిరిగాను.

అప్పుడు సుగుణమ్మ గారు గోడకు చేరగిలబడి, కళ్ళు మూసుకునే అన్నారు: "ఆదివారం మీకు కరెక్టుది. బుధవారం మాకు మాది."

మాకు అర్థం కాలేదు.

"బుధవారం మధ్యాహ్నం ఎవరూ రారుగా. తలుపు గడియ పెట్టేసి, సౌండు తగ్గించి, పాతలాగే వేసేవారు. ఎవరికైనా తెలిస్తే పరువు పోద్ది సుగుణా అనేవారు. రెండేళ్ళూ ఒక్క బుధవారం మానలేదు. నిన్నా అంతే. మొదటి రికార్డు రెండువైపులా అయింది. రెండోది చేతిలోకి తీసుకుని, ఉండు, కాసేపు కూర్చుంటానన్నారు."

నేను తలుపు వైపు చూశాను. ఆయన కోసిన కడ్డీ అక్కడే, గడియలో నున్నగా మెరుస్తోంది.

శనివారం ముందుగది పట్టక జనం వీధిలో కూర్చున్నారు. ఇంకుతో దిద్దిన అంకెల ప్రకారమే ప్రశాంతి ముల్లు పెట్టింది. రెండోవైపు విజయం దద్దరిల్లి ఆగగానే పాస్టరు గారు ఆశీర్వాదానికి చేతులెత్తి లేచారు. "కూర్చోండి పాస్టరు గారూ, ఇంకా ఉంది" అన్నారు సుగుణమ్మ గారు. చావు ఇంట్లో ఆ రోజు మొదటిసారి నవ్వులు వినపడ్డాయి. తర్వాత ఆయన చేతిలో ఆగిపోయిన రెండో రికార్డు వేశారు. గంతులు అయ్యాయి. ప్రార్థన వచ్చింది, ఎప్పటిలాగే ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పళ్ళెం తిరుగుతూనే ఉంది, ముల్లు చివరి గాడిలో టిక్కు టిక్కుమంటోంది. ఇన్నేళ్ళలో వాయించడం అయ్యాక ముల్లు ఎత్తడం ఎప్పుడూ ఆయన పనే. లేస్తారేమోనని మేమంతా ఆయన కూర్చునే ఖాళీ కుర్చీ వైపు చూస్తూ కూర్చున్నాం.