ఆడవాళ్ళ వరండాకు కుర్చీ

నానిన పేము బద్దను గుడ్డతో తుడిచి, కుర్చీ చట్రంలోని మొదటి రంధ్రంలోంచి పైకి లాగి, చిన్న చెక్కమేకుతో బిగించింది అల్లికమ్మ. మానసిక వైద్యశాల వెనక ఉన్న పనిషెడ్డులో ఆమెను అలాగే పిలుస్తారు. వార్డులో మాత్రం "ఏరా" అంటారు.

అన్నయ్య తీసుకొచ్చి చేర్చిననాడు ఆమెకు నోట మాట లేదు. తిండీ నిద్రా మానేసి అప్పటికే చాలా రోజులైంది. "మా తమ్ముడండీ" అన్నాడు అన్నయ్య. ఏళ్ళ తరబడి వీధి వీధంతా అక్కా అని పిలిచిన మనిషికి, ఆ ఒక్క మాటతో మగవాళ్ళ వార్డులో మంచం పడింది. మందులు పనిచేశాయి, ఆకలి తిరిగొచ్చింది. నిద్ర మాత్రం సగమే. మంచం చుట్టూ దుప్పటి కట్టుకుని పడుకునేది. ఎవరూ లేవకముందే స్నానం ముగించుకుని, షెడ్డు ఎప్పుడు తెరుస్తారా అని చూసేది.

షెడ్డు కిటికీలోంచి ఆడవాళ్ళ వార్డు వరండా కనిపిస్తుంది. పొద్దున్నే అక్కడ ఒకరి వెనక ఒకరు కూర్చుని జడలు వేసుకుంటారు. అందరి వెనకా, ఇదే కుర్చీలో, అందరూ అత్తమ్మ అని పిలిచే ఆవిడ కూర్చునేది. ఆ వార్డుకంతటికీ ఆవిడే పెద్ద. ఆవిడ బరువుకే ఈ సీటు తెగింది.

అల్లికమ్మ జుట్టు భుజాలు దాటింది. తన తల తనే దువ్వుకోవడం ఆమెకు అలవాటే. వెనక నుంచి ఇంకొకరి చెయ్యి పాపిట తీస్తే ఎలా ఉంటుందో మాత్రం తెలియదు.

ఆడవాళ్ళ వార్డుకు మార్చమని డాక్టరును అడిగింది. అక్కడున్నవాళ్ళను కూడా ఒక మాట అడగాలన్నాడాయన. అందరూ సరే అన్నారట. అత్తమ్మ ఒక్కతే ఏమీ అనలేదట.

నిలువు వరసలు, అడ్డ వరసలు అయ్యాయి. ఐమూల బద్దలు దూరుస్తుంటే గుమ్మంలో నీడ పడింది. సిస్టర్‌ను వెంటబెట్టుకుని అత్తమ్మే వచ్చింది.

"నా కుర్చీ ఎందాకా వచ్చింది?"

"సాయంత్రానికి ఇచ్చేస్తానత్తమ్మా."

"కిందటిసారి ఎవరో అల్లారు. కూర్చుంటే ఉయ్యాల్లో ఉన్నట్టుండేది."

"ఎండు బద్దతో అల్లుంటారు. ఇది నానబెట్టింది. ఆరేకొద్దీ బిగుస్తుంది."

అత్తమ్మ అల్లికను బొటనవేలితో నొక్కి చూసింది. తరువాత అల్లికమ్మ మొహంలోకి చూసింది.

"గురక పెడతావా?"

"పెట్టనండీ."

"మేమందరం పెడతాం. నీకే నిద్ర పట్టదు."

సిస్టర్ నవ్వేసింది. అల్లికమ్మ చేతిలో బద్ద కదల్లేదు.

"పట్టకపోతే పోనీండి," అంది మెల్లగా. "మీ గురక వింటూ మేలుకునే ఉంటా."

"ఆ తీపి మాటలు నా దగ్గరెందుకే. పొద్దున్నే చెప్పేశాను, రానీమని. కదా సిస్టరమ్మా?"

"చెప్పింది," అంది సిస్టర్. "ఇక పెద్ద డాక్టరుగారు సరే అనాలి. ఆయన ఊళ్ళో లేరు. వచ్చేవారం వస్తారేమో."

ఏమో. అంటే అప్పటిదాకా ఆ దుప్పటి తెరే. అల్లికమ్మ తల వంచి బద్దను తరువాతి రంధ్రంలోకి దూర్చింది.

పొద్దువాలేసరికి అంచు చుట్టి, ముళ్ళు అడుగున దాచి, లేచిన పీచునంతా చాకుతో గీకేసింది. కుర్చీని భుజాన వేసుకుని బయలుదేరితే వార్డుబాయ్ ఎదురయ్యాడు.

"ఏరా, సామానుతో సహా కాపురానికెళ్తున్నావా?"

"ముందు కుర్చీ వెళ్తోంది," అంది ఆగకుండా.

వరండా కటకటాల తలుపు సిస్టర్ తీసింది. అల్లికమ్మ గడప ఇవతలే నిలబడి కుర్చీ అందించింది. అత్తమ్మ దాన్ని ఎప్పటి చోటే వేసింది. మళ్ళీ ఏమనుకుందో, కుర్చీ ముందు ఇంకో మనిషి కూర్చునేంత జాగా వచ్చేదాకా గోడవైపుకు జరిపింది. అప్పుడు కూర్చుని, అటూ ఇటూ కదిలి చూసింది.

"బిగువుగానే ఉంది," అంది.