గెలిచిన కబురు వచ్చేదాకా

1938లో నేను తమిళసీమలో విరుదునగరు ఆసుపత్రిలో డ్రెస్సర్‌ని. డ్రెస్సర్ అంటే పుండ్లు కడిగి కట్లు కట్టేవాడు. ఇల్లు కోవిల్పట్టిలో. ఆదివారాలు మాత్రం రైలెక్కి వెళ్లేవాణ్ణి. పుండు చూసి మొహం చిట్లించకపోతే చాలు, ఆ ఉద్యోగానికి ఇంకే తెలివీ అక్కర్లేదని ఆ రోజుల్లో అనుకునేవాణ్ణి.

ఎండలింకా తగ్గని రోజుల్లో సుబ్బా నాయకరు వచ్చాడు. నాగలాపురం పక్క పల్లె, ముప్పై దాటిన మనిషి. కుడిపాదం వాచి, కన్నాలు పడి, వాటిలోంచి ఆవగింజల్లాంటి నల్లటి రవ్వలు రాలుతున్నాయి. దీన్ని మదురా ఫుట్ అంటారు. నల్లరేగడిలో ఉత్తకాళ్లతో తిరిగేవాళ్లకి ముల్లు గుచ్చుకుని మొదలవుతుంది, మెల్లగా ఎముకలోకి పోతుంది. ఇప్పుడే పాదం తీసేస్తే మోకాలు దక్కుతుందన్నారు డాక్టరు గారు. ఇప్పుడు వద్దని నాయకరు తమిళంలో చెప్పేశాడు.

కట్టు కడుతూ నేను మా ఇంట్లో మాట్లాడే తెలుగులో విసుక్కున్నాను. ఆ మాట వినగానే అతని మొహం విప్పారింది.

"మన మాట చెవిన పడి ఎన్నాళ్లాయె తంబీ!"

అప్పుడు చెప్పాడు. కోవిల్పట్టి మిల్లు మైదానంలో ఫుట్‌బాల్ నేర్చి, సేద్యం చెయ్యనని అన్నతో పోట్లాడి, కల్కత్తా పోయి రైల్వేలో చేరి, అక్కడి టీములో ఆడి, కాలు పాడయ్యాక తిరిగొచ్చాడట, ఇంటి గడప మాత్రం తొక్కలేదట. బూట్లేసుకున్న తెల్ల సోల్జర్లని మనవాళ్లు ఉత్తకాళ్లతో ఓడించిన ముచ్చట మొదలు, దేశానికంటూ ఒక జట్టు కట్టి సిలోనుకీ దక్షిణాఫ్రికాకీ ఓడెక్కి వెళ్లినదాకా ఏకబిగిన చెప్పేవాడు. ఆ జట్టు ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉంది. అందులో గోల్‌కీపరూ, సెంటర్ హాఫూ, అంటే మధ్యలో నిలబడి అందరికీ బంతి అందించేవాడు, ఒకప్పుడు ఇతనితో ఒకే గదిలో వండుకు తిన్నవాళ్లట. కాలు బాగుంటే ఆ ఓడలో తనూ ఉండేవాణ్ణని అతని నమ్మకం.

"వాళ్లు ఉత్తకాళ్లతోనే ఆడతా ఉండారు. ఒక ఆట గెలిచిన కబురు రానీ. అందాకా నా కాలు నాకి ఉండనీ."

"నీ కాలు ఇక్కడుంటే వాళ్లకేమి లాభం?"

"వాళ్లకి కాదు తంబీ. నాకి."

నాకు ఒళ్లు మండింది. అయినా రోజూ డాక్టరు గారు చదివేసిన పేపరు అడిగి తెచ్చేవాణ్ణి. మొదట ఓడారు. తర్వాత సమంగా నిలిచారు. ఈలోగా వాపు చీలమండ దాటింది. సాయంత్రం అందరి చుట్టాలూ క్యారియర్లు పట్టుకుని వార్డుకి వచ్చే వేళకి నాయకరు గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ వీపు చూస్తే నా కోపం కాస్తా జాలిగా మారిపోయేది.

చివరికి గెలిచిన కబురు వచ్చింది. రెండుసార్లు చదివించుకున్నాడు.

"సరి. ఇంగ కొయ్యమను."

మా పక్క కోసిన కాలుని పారేయరు. ఇంటివాళ్లు తీసుకెళ్లి పూడ్చి, తలా పిడికెడు మన్ను వేయాలి. నేను అతని అన్నకి కబురంపాను. "ఊరొద్దని పోయిన కాలు. మేమేల మన్ను వెయ్యాల?" అని జవాబొచ్చింది. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. నాయకరు నా మొహం చూసే కనిపెట్టేశాడు.

మోకాలు వెంట్రుకవాసిలో దక్కింది. తీసిన కాలుని ఆ రోజే నేను శ్మశానం అంచున పూడ్చాను. కుట్లు మానాక అక్కడికి తీసుకుపొమ్మని అడిగితే ఎద్దుబండిలో తీసుకెళ్లాను. చంకకర్రల మీద వంగలేకపోయాడు. మన్ను నేనే తీసి చేతిలో పెట్టాను. వేశాడు.

"నువ్వూ ఒక పిడికెడు వెయ్యి తంబీ. ఒంటిగా ఆడే ఆట కాదు అది."

వేశాను. నాకు ఏడుపు ఆగలేదు.

అప్పటినుంచి కాలో చెయ్యో తీయాల్సి వచ్చినవాళ్లని, మీకోసం ఎవరొస్తారని ముందే అడుగుతున్నాను. ఎవరూ లేరంటే పార నేనే తెచ్చుకుంటాను.